మొలతాటికి కట్టిన తాళం చెవి

సైటు పనుల్లోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, మిషన్ల దగ్గర అన్నిటికన్నా ప్రమాదం దేనితోనండీ?" అని అడుగుతారు. కరెంటు అంటానని కొందరు, తిరిగే కట్టరు అంటానని కొందరు, ఎత్తు అంటానని కొందరు ఎదురుచూస్తారు. నేను మొహమాటం అంటాను. రిటైరయ్యాక ఈయన వేదాంతంలో పడ్డాడనుకుని నవ్వి ఊరుకుంటారు. వేదాంతం కాదు నాయనా, కళ్ళారా చూసిన సంగతి. అదేమిటో ఈసారి మొత్తం రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, పేర్లు రాసి ఎవరినో ఒకరిని నొప్పించడం ఎందుకు? చూశారా, నాకూ మొహమాటమే.

నేను పనిచేసింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు తరఫున. అయితే షాపులో కూర్చున్నది తక్కువ. షాపుదాకా తీసుకురాలేని ఇనుము దగ్గరికి మిషన్లనే మోసుకెళ్ళే పని మాది. షాపులో అయితే మిషను నేలకి బిగించి ఉంటుంది, ముక్కని తెచ్చి దానికి అందిస్తాం. సైటు మీద అంతా తల్లకిందులు. ముక్క కొండంత ఉంటుంది, మిషన్ని తీసుకెళ్ళి దానికి తగిలించాలి. అది దేన్ని పట్టుకుని నిలబడిందో, ఏది ఊడితే ఎటు పడుతుందో ప్రతి పూటా కొత్తగా చూసుకోవాలి. నా కోపం గురించి ఆటోనగర్లో ఇప్పటికీ చెప్పుకుంటారని విన్నాను. ఆ కోపంలో సగం ఈ చూసుకోవడంలోనే పుట్టింది.

రిటైర్మెంటు దగ్గర పడుతున్న ఒక ఎండాకాలం, కంకిపాడు దాటాక ఒక కాలువ మీద లాకుల దగ్గర పని పడింది. లాకులంటే నీళ్ళని ఆపి, వదిలే పెద్ద పెద్ద ఇనప షట్టర్లు. కాలువలు కట్టేసిన రోజుల్లో తప్ప వాటిని ముట్టుకోలేం. షట్టరు అంచులు తుప్పు తినేసి పక్కలనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. కొత్త పట్టీలు పెట్టి, రబ్బరు వేసి, బోల్టులు బిగించాలి. వెల్డింగు చేస్తే పాత ప్లేటు వంకర తిరుగుతుంది, కాబట్టి మొత్తం బెజ్జాల పనే. పైనుంచి మళ్ళీ నీళ్ళు వదిలేలోపు అయిపోవాలి. లేకపోతే దిగువ ఊళ్ళ నారుమళ్ళు ఎండల్లో అలాగే నోరు తెరుచుకుని ఉండాలి.

బెజ్జాలకి మేము వాడింది మాగ్నెట్ డ్రిల్లు. దానికి ముందు బెజ్జం కోసే కట్టరు, అడుగున అయస్కాంతం ఉంటాయి. కరెంటు ఇస్తే ఇనుముకి అతుక్కుపోతుంది, ఇద్దరు మనుషులు లాగినా రాదు. కరెంటు పోతే ఆ క్షణానే వదిలేస్తుంది. పడుకోబెట్టిన ప్లేటు మీద అయితే పరవాలేదు. నిలబడి ఉన్న షట్టరు మీద, మనిషి రొమ్ముకి ఎదురుగా ఉంటే మాత్రం అంత బరువూ మనిషి మీదకే వస్తుంది. అందుకని దానికొక గొలుసు వేసి పైన దూలానికి కట్టాలి, అదీ పొట్టిగా కట్టాలి. ఇప్పుడు వచ్చే మిషన్లు కరెంటు పోయి తిరిగొస్తే వాటంతట అవి తిరగవట. మాది పాతది. స్విచ్చు వేసి ఉంటే చాలు, కరెంటు రాగానే తిరగడం మొదలుపెట్టేది.

మా డ్రిల్లు ఆపరేటరు మైలవరం వైపు మనిషి, నలభై దాటినవాడు. చేతిపని బంగారం. గొలుసంటే మాత్రం చిరాకు. ప్రతి బెజ్జానికీ విప్పి కట్టుకోవాలి కాబట్టి వదులుగా వదిలేసేవాడు. "ఉయ్యాల్లో పిల్లకి తాడు కట్టినట్టు ఏంటి సార్ ఇది" అనేవాడు. ఇక జనరేటరు చూసే ఆయన ఉన్నాడే, అంత మర్యాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎదురుగా పెద్దవాళ్ళు వస్తే బీడీ చెప్పు కింద నలిపేసేవాడు, ఫోన్లో మాట్లాడుతున్నా లేచి నిలబడేవాడు. ఎవరికీ కాదని చెప్పగా నేను వినలేదు.

ఆ ఊరి నీటి సంఘం ప్రెసిడెంటుగారు రోజూ గట్టు మీదకి వచ్చేవారు. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో మజ్జిగ క్యాను. మా వాళ్ళందరికీ తనే గ్లాసుల్లో పోసి ఇచ్చేవారు. మంచి మనిషి. నన్ను "ఏవండీ" అనేవారు. పరంజా మీద ఉన్న మా ఆపరేటర్ని "ఏరా మిషనోడా, అవుద్దా, అవదా?" అనేవారు. వాడు నవ్వేవాడు.

ఒక ఉదయం ఆయన గట్టు మీద నాకెదురుగా నిలబడి ఏదో అడిగారు. జనరేటరు మోతలో వినపడలేదు. "ఏంటండీ?" అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ వినపడలేదు. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. పెద్దాయన మాట్లాడుతుంటే మన చప్పుడు బాగోదని మా జనరేటరాయన ఆపేశాడు.

"ఎప్పటికవుద్దండీ అంటన్నా" అన్న మాట ఇప్పుడు స్పష్టంగా వినపడింది. దాని వెనకే ఇనుము జారిన చప్పుడు వినపడింది. గొలుసు వదులుగా ఉండడంతో డ్రిల్లు షట్టరు మీదనుంచి ఊడి, మనిషి మోకాళ్ళదాకా జారి, పరంజా చెక్కని పగలగొట్టి వేలాడుతోంది. మావాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తుతున్నాడు. నేను "ఏమైంది?" అని అరిచాను. ఆ అరుపు విని మా మర్యాదస్తుడు, నాకు కరెంటు కావాలేమో అనుకుని మళ్ళీ స్టార్ట్ చేశాడు.

డ్రిల్లు స్విచ్చు వేసే ఉంది. మనిషి చేతుల్లోనే కట్టరు గిర్రున తిరిగింది. చొక్కా ముందు భాగం జేబుతో సహా చుట్టుకుని చిరిగిపోయింది. చొక్కా పాతది, అదే అదృష్టం. కొత్త బట్ట అయితే చిరిగేది కాదు, మనిషినే లోపలికి లాగేది. నేను పరుగెత్తి గట్టు మీది బోర్డులోంచి ప్లగ్గు పీకేశాను. పొట్ట మీద ఎర్రగా గీత ఒక్కటే పడింది. వాడు ఆ గీతని తడుముకుంటూ అలాగే కూర్చుండిపోయాడు.

ప్రెసిడెంటుగారు గట్టు మీదనుంచి గొంతు పెంచి, "ఏం కాలేదుగా, పోనివ్వండి. చొక్కాయేగా, నేను కొనిపెడతాలే" అన్నారు.

ఆయన ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఊరివాళ్ళు పదిమంది ఉన్నారని కూడా చూడలేదు.

"చొక్కా సంగతి కాదండీ! కరెంటు పోతే మిషను పడుద్ది, అదొక చావు. పడ్డదాన్ని మనిషి చేత్తో పట్టుకుని ఉండగా కరెంటు తిరిగొస్తే అది రెండో చావు. ఆ రెండోది సాయం చేద్దామని వచ్చినవాడి చేత్తో వస్తుంది, అందుకే దానికే నేను ఎక్కువ భయపడతాను. పైన మనిషి ఉండగా ఆపాలన్నా, పెట్టాలన్నా మిమ్మల్నీ కాదు, నన్నూ కాదు, వాణ్ణి అడగాలి. ప్లగ్గు ఊడిందా, వాడికి కనపడేలా చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడాలి, వాడు సరేననేదాకా పెట్టకూడదు. మీరొచ్చారని మర్యాద చెయ్యడానికి నా మనిషిని చంపుకోలేను. ఇకనుంచి మీరొచ్చినా, మీ పైవాళ్ళొచ్చినా జనరేటరు ఆగదు. మాట్లాడాలంటే సైగ చెయ్యండి. లేదంటే రావద్దు."

ఆయన ముఖం ఎర్రబడింది. "సరేనండీ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. మజ్జిగ క్యాను గట్టు మీదే ఉండిపోయింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. కాసేపటికి మా ఆపరేటరే దిగొచ్చి మూత తీశాడు. "తిట్లు మీవి, మజ్జిగ ఆయనది, మధ్యలో నా దాహం ఏం పాపం చేసింది సార్?" అని గ్లాసు నింపుకున్నాడు.

ఆ సాయంత్రమే నాకు ఫోన్లు మొదలయ్యాయి. మా ఓనరుగారు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కులోంచి, హారన్ల మధ్య, "ఊళ్ళో పెద్దాయనండీ, రేపు ఏదన్నా అయితే సైటులో మనకి మంచినీళ్ళు కూడా పుట్టవు" అన్నారు. ఇరిగేషన్ డిపార్టుమెంటు ఇంజనీరమ్మగారు, "కాస్త నెమ్మదిగా చెప్పాల్సిందండీ" అన్నారు. "నెమ్మదిగా చెప్తే గుర్తుంటుందా మేడమ్?" అన్నాను. ఆవిడ, "అసలు ఎవరు పడితే వాళ్ళు ఆపేలా ఎందుకుంది అది?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే.

మర్నాడు జనరేటరు పెట్టెకి తాళం వేయించాను. పరంజా మీద ఎవరుంటే చెవి వాళ్ళ దగ్గరే ఉండాలని చెప్పాను. నిప్పో మరోటో వస్తే ఆపడానికి రెండోది మీ దగ్గర ఉంచండని ఇంజనీరమ్మగారు అంటే అది నా లోపలి జేబులో వేసుకున్నాను. మా ఆపరేటరు చొక్కా జేబు చిరిగిపోయింది కదా, ప్యాంటు జేబులకి చిల్లులు. చెవి తీసుకుని మొలతాటికి కట్టుకున్నాడు. "ఇక అడిగేవాడే సిగ్గుపడాలి సార్" అన్నాడు. ఆ రోజునుంచి గొలుసు కూడా పొట్టిగా, నేను చెప్పకుండానే కట్టాడు.

ప్రెసిడెంటుగారు రావడం మానలేదు. దూరంగా నిలబడి చూసేవారు, మాట్లాడేవారు కాదు. మజ్జిగ మాత్రం ఎవరి చేతో పంపేవారు. నాకది మరీ కష్టంగా ఉండేది. తిరిగి తిట్టినా బాగుండుననిపించేది.

అసలు రోజు వచ్చింది. అనుకున్నదానికన్నా ముందే పైనుంచి నీళ్ళు వదిలారు. పొద్దున్నుంచే ఎగువ ఊళ్ళవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "పై లాకులు దాటిందండీ, సాయంత్రానికి మీ దగ్గరుంటది." మాకు ఇంకా ఒక వరస బెజ్జాలు మిగిలాయి. అవి అయితే బోల్టులు, ఆ తర్వాత పరంజా విప్పడం. ఎండు కాలువలో పరంజా మీద మనిషి, పైనుంచి నడిచొస్తున్న నీళ్ళు. ఆ పూట నేను టిఫిను కూడా తినలేదు.

అదే పూట ఊరంతా పూజకి కదిలింది. తొలి నీటికి పసుపు కుంకాలు, చీర, కొబ్బరికాయ ఇవ్వడం వాళ్ళకి ఆనవాయితీ. గట్టు మీద షామియానా వేశారు. పంతులుగారు వచ్చారు. మైకు సెట్టు ఆటోలో దిగింది. ముహూర్తం దగ్గర పడుతుండగా ఒకాయన నా దగ్గరికి వచ్చి, "మంత్రాలు వినపడట్లేదండీ, కాసేపు ఆపించండి" అన్నాడు.

"మనిషి పైన ఉన్నాడండీ, కుదరదు."

"తాళం చెవి ఎక్కడుంది?"

"వాడి మొలతాటికి."

ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు నవ్వలేదు. "మీ దగ్గర ఇంకోటుందంటగా?" అన్నారు ఎవరో. "ఉంది. మంటలొస్తే తీస్తాను" అన్నాను. చుట్టూ జనం పెరిగారు. "దేవుడి కన్నా మీ డ్రిల్లు ఎక్కువైపోయిందా?" అని ఒక కుర్రాడు మీదమీదకి వచ్చాడు. నేను బిగుసుకుని నిలబడ్డాను. మా జనరేటరాయన, పాపం, జీవితంలో మొదటిసారి జనానికి అడ్డంగా చేతులు చాపి పెట్టె ముందు నిలబడ్డాడు. అలా నిలబడి కూడా అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. ప్రెసిడెంటుగారు షామియానా కింద కుర్చీలో కూర్చుని కాలువ వైపు చూస్తున్నారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, జనం ఆగరు. ఆయన ఏమీ అనలేదు.

ఫోన్ మోగింది. వినపడక లాకుల వంతెన అవతలి చివరిదాకా నడిచాను. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతున్నారు. అప్పుడు వెనకనుంచి, జనరేటరు మోత మీదుగా, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని వినపడింది.

వీడికి కరెంటు ఎక్కడిది?

తలతిప్పేలోపే తెలిసిపోయింది. జనరేటరుకి తాళం వేశాం గానీ, అక్కడినుంచి వైరు లాగి గట్టు అంచున పెట్టిన ప్లగ్గుల బోర్డు సంగతి ఎవరికీ తట్టలేదు. దాంట్లో ఒక సాకెట్టు కాలిపోయింది, పనిచేసేది ఒక్కటే. చదునుగా ఉందని షామియానా సరిగ్గా దాని పక్కనే వేశారు. మన దగ్గర ఖాళీ సాకెట్టు లేకపోతే మైకువాడు ఏం చేస్తాడు? ఉన్న ప్లగ్గు పీకి తనది పెడతాడు. ఏ పెళ్ళిలో అయినా అంతే, ఎవరూ ఏమీ అనరు.

కింద డ్రిల్లు వదిలేసింది. పొట్టి గొలుసు కాబట్టి జారిపోలేదు. కానీ కట్టరు సగం బెజ్జంలో ఉండగా మిషను పక్కకి ఒరిగి, కట్టరు అక్కడే బిగుసుకుపోయింది. స్విచ్చు ఉన్న పక్క షట్టరుకి ఆనుకుపోయింది, చెయ్యి దూరదు. మావాడు భుజం మిషను కిందకి పెట్టి, రెండు చేతులూ వెనకనుంచి చుట్టి మోస్తున్నాడు. ఇప్పుడు కరెంటు వస్తే కట్టరు తిరగలేదు. కట్టరు తిరగకపోతే మిషను తిరుగుతుంది. మిషను తిరిగితే మనిషిని విసిరేస్తుంది. కింద అంతా రాతి కట్టు. వాడికి ఇదంతా తెలుసు. గట్టు వైపు తిరిగి అరుస్తున్నాడు, నోరు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినపడటం లేదు.

మైకతను వాణ్ణి చూశాడు. పొరపాటు అర్థమైంది. ముఖం పాలిపోయింది. అయ్యో అన్నట్టు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, తన ప్లగ్గు పీకి, మా ప్లగ్గు తీసుకుని బోర్డు మీదకి వంగాడు. తప్పు దిద్దుకుందామని.

"పెట్టొద్దు!" అని గొంతు చించుకున్నాను. వంతెన మీద పరుగు పెట్టాను. అంత వయసులో అంత పరుగు ఎలా తీశానో తెలియదు, అయినా అందేంత దూరం కాదు. నా కళ్ళకి ఆ ప్లగ్గు, ఆ బోర్డు తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఒక తెల్ల పంచె అడ్డం వచ్చింది. ప్రెసిడెంటుగారు కుర్చీలోంచి లేచి, మైకతని మణికట్టు పట్టుకుని, చేతిలోంచి ప్లగ్గు లాక్కున్నారు. అతను ఏదో చెప్పబోతుంటే పక్కకి నెట్టేశారు. గట్టు అంచుకి నడిచి, ప్లగ్గు ఉన్న చేతిని తలకి పైగా, నిటారుగా ఎత్తి పట్టుకున్నారు. కిందనుంచి మావాడు అది చూశాడు. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. అరవడం మానేశాడు.

నేను రొప్పుతూ ఆయన పక్కకి చేరాను. ఆయన నా వైపు చూడలేదు. మావాడు కట్టర్ని చేత్తో వెనక్కి తిప్పుతూ, కొంచెం కొంచెంగా బయటకి లాగుతున్నాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి లేదు. గట్టు మీద ఒక్కరూ కదల్లేదు. పంతులుగారు వాచీ చూసుకుని చెయ్యి దించేశారు. చివరికి కట్టరు ఊడింది. మిషన్ని నిలబెట్టి, గొలుసు సవరించి, వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ప్రెసిడెంటుగారు చెయ్యి దించకుండానే, కాలువలోకి గట్టిగా కేకేశారు.

"ఏవండీ! పెట్టమంటారా?"

మావాడు వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరన్నా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"ఆగండి బాబూ, స్విచ్చు ఇంకా కట్టలేదు" అని వాడూ గొంతెత్తి అరిచాడు.

"తొందరేం లేదు. మీరు చెప్పేదాకా పెట్టను."

వాడు స్విచ్చు కట్టేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, "ఇప్పుడు పెట్టండి" అన్నాడు. ఆయన వంగి, జాగ్రత్తగా, దీపం వెలిగించినంత జాగ్రత్తగా ప్లగ్గు పెట్టారు. పెట్టి పక్కకి వెళ్ళలేదు. మిగిలిన బెజ్జాలు అయ్యేదాకా, బోల్టులు బిగిసేదాకా ఆ బోర్డు దగ్గరే, ఎండలో నిలబడ్డారు. ముహూర్తం దాటిపోయింది.

మధ్యలో నేను ఆయన పక్కకి వెళ్ళి, చెవి దగ్గరగా, "ఆ రోజు మరీ ఎక్కువ మాట్లాడానండీ" అన్నాను. ఆయన బోర్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "నాకు ఇంట్లో కూడా ఎవరూ అలా చెప్పలేదండీ. రెండ్రోజులు అన్నం సయించలేదు. నెమ్మదిగా చెప్పుంటే మర్చిపోయేవాణ్ణి" అన్నారు.

పిల్లలూ, సైటు మీద మీకు టోపీలు, కళ్ళజోళ్ళు, బూట్లు అన్నీ ఇస్తారు, వేసుకోండి. గొలుసులు పొట్టిగా కట్టండి. వీటన్నిటి తర్వాత కూడా, మీరు తాళం వెయ్యని బోర్డు ఒకటి ఎక్కడో ఉంటుంది. అది కనిపెట్టడం నాకూ చేతకాలేదు. అక్కడ మీకు పనికొచ్చేది, మీరు ఎవరి ముఖం చూసీ మింగకుండా చెప్పిన మాట ఒక్కటే.

పని పూర్తయి మావాడు పరంజా దిగి గట్టెక్కాడు. వెనకాలే మిగతావాళ్ళు పైపులు విప్పుతున్నారు. ప్రెసిడెంటుగారు ఎదురెళ్ళి చెయ్యి చాపారు. "ఇప్పుడన్నా ఇస్తారా?" అన్నారు. వాడు జనానికి వీపు తిప్పి, మొలతాడు ముడి విప్పి, గ్రీజు అంటిన తాళం చెవిని ప్యాంటుకి తుడిచి ఇచ్చాడు. ఆయన పెట్టె తాళం తీసి జనరేటరు ఆపారు. చెవుల్లో ఇంకా హోరుమంటూనే ఉంది. పంతులుగారు గొంతు సవరించుకున్నారు. మైకు అడగలేదు. చీకటి పడకముందే ఎండు కాలువ మలుపులో తొలి నీళ్ళు కనిపించాయి. మట్టిరంగులో, నురగతో, ఎండుటాకులూ పాత చెప్పులూ తోసుకుంటూ వచ్చి షట్టరుకి తగిలి ఆగాయి. పక్కలనుంచి చుక్క కారలేదు. ఆడవాళ్ళు పసుపు చల్లారు.

మావాడు నా పక్కనే గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నీళ్ళని చూస్తున్నాడేమో అనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"నన్ను అండీ అన్నారు సార్ ఆయన."